పెన్ను ఆగిన చోటు: హైస్కూల్ లెక్కల్లో వీడియో పాఠం, తరగతి పాఠం

(జాతీయ గణిత దినోత్సవం నాడు జరిగిన స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే) సమావేశంలో నల్లగొండ జిల్లాకు చెందిన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ గణిత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. కాంప్లెక్స్ హెడ్‌మాస్టర్ గారికి, రిసోర్స్ పర్సన్‌లకు, పొద్దున్నే బస్సులు పట్టుకుని వచ్చిన లెక్కల టీచర్లందరికీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోంది కదా? వినబడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

ఇవాళ డిసెంబర్ 22, రామానుజన్ పుట్టినరోజు. నాకు ఇచ్చిన అంశం బ్లెండెడ్ లెర్నింగ్. అంటే కొంత ఆన్‌లైన్, కొంత తరగతి గది, రెండూ కలిపి చెప్పడం. ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. పదో తరగతికి వాట్సాప్ గ్రూపు ఉన్నవాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ ఎత్తారు. సరే. ఆ గ్రూపులో మీరు పెట్టిన వీడియోని పిల్లలు చివరిదాకా చూశారని ఖాయంగా చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది? ఒకటి, రెండు... మూడు చేతులు. నేను కూడా చాలాకాలం ఎత్తలేకపోయాను. గ్రూపులో లింకు పెడితే మన పని అయిపోయిందని అనుకుంటాం. నీలం టిక్కులు పడితే పాఠం చేరిందనుకుంటాం. నీలం టిక్కు పడితే ఆ ఇంట్లో ఎవరో మెసేజ్ తెరిచారని అర్థం, అంతే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఇవాళంతా దాని చుట్టూనే తిరుగుతాను. లెక్క చేస్తుంటే పిల్లవాడి పెన్ను ఒకచోట ఆగుతుంది. ఆ ఆగిన చోటును మనం కళ్ళతో చూడాలి. వీడియో గానీ, ట్యాబ్ గానీ, గోడకున్న ప్యానెల్ గానీ, మనకు ఆ చూసే తీరిక ఇవ్వడానికే. ఆ తీరిక ఇవ్వకపోతే అది ఎంత ఖరీదైనదైనా నాకు అక్కర్లేదు.

2020 గుర్తుచేసుకోండి. మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ అయిన టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మనం ఫోన్లు చేసి "పాఠం చూశావా, ఏం అర్థమైంది" అని అడిగేవాళ్ళం. టీవీలో పాఠాలు చెప్పినవాళ్ళు మంచి టీచర్లు. శ్రద్ధగా చెప్పారు. నేను కూడా కూర్చుని చూశాను, నోట్స్ రాసుకున్నాను. మరి పిల్లలకు ఎందుకు రాలేదు? నేను ఊళ్ళోకి వెళ్ళి ఒక అరుగు మీద నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి వర్క్‌షీట్ ఇచ్చాను. ఒక అమ్మాయి మైనస్ 3 మైనస్ 5 దగ్గర ఆగింది. పైకి చూసింది, కిందికి చూసింది, ప్లస్ 8 అని రాసింది. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ కదా టీచర్" అంది. గుణకారం సూత్రాన్ని కూడికలోకి తెచ్చుకుంది. ఆ అమ్మాయి టీవీ పాఠాలన్నీ చూసింది, ఒక్కటి కూడా వదల్లేదు. కానీ టీవీ ఆమె నోట్‌బుక్‌ని చూడలేదు కదా.

బడులు తెరిచాక చాలామందిమి ఒకటే అనుకున్నాం: ఇక ఆన్‌లైన్ మాట ఎత్తొద్దు, హాయిగా చాక్‌పీస్ పట్టుకుందాం. నేనూ అనుకున్నాను. కానీ నెమ్మదిగా ఇంకో సంగతి గమనించాను. తరగతిలో నేనైనా నోట్‌బుక్కులు చూస్తున్నానా? నలభై ఐదు నిమిషాల పీరియడ్. హాజరు తీసుకుని, నిన్నటిది గుర్తుచేసి, బోర్డు మీద సూత్రం చెప్పి, రెండు ఉదాహరణలు చేసేసరికి ముప్పై ఐదు నిమిషాలు. మిగిలిన పది నిమిషాల్లో ముప్పై ఎనిమిది మందిని చూడాలి. ఒక్కొక్కరికి పదహారు సెకన్లు కూడా రావు. ఎవరిని చూస్తాం? ముందు బెంచీల వాళ్ళని చూస్తాం. అడిగేవాళ్ళని చూస్తాం. ఆగిపోయి అడగకుండా కూర్చున్నవాడిని ఎప్పుడు చూస్తాం? టీవీ చూడలేకపోయింది అన్నాను. నేను ఎదురుగా ఉండి కూడా చూడలేదు.

అప్పుడు ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ గురించి చదివాను. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో వుడ్‌లాండ్ పార్క్ అనే ఊరి హైస్కూల్లో జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అని ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు. 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఎందుకు? ఆటల పోటీలకీ వాటికీ వెళ్ళి పిల్లలు క్లాసులు పోగొట్టుకుంటున్నారని. తర్వాత తర్వాత పాఠం ఇంట్లో చూసి రావడం, లెక్కలు క్లాసులో టీచర్ పక్కన చేయడం అన్న పద్ధతి అయింది. ఇది చదవగానే నాకు ఏం గుర్తొచ్చిందో చెప్పనా? పత్తి. మన పిల్లలు ఆటల పోటీలకి కాదు, పత్తి ఏరడానికి పోతారు. నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే వెనక బెంచీలు ఖాళీ. సరిగ్గా అప్పుడే మనం త్రికోణమితిలో ఉంటాం. వాళ్ళు తిరిగొచ్చేసరికి బండి వెళ్ళిపోయి ఉంటుంది.

సరే, చేద్దాం అనుకున్నాను. "ఇంట్లో వీడియో చూసి రండి, క్లాసులో లెక్కలు చేద్దాం" అన్నాను. రెండు వారాలు నడిపాను. కుదరలేదు. మామూలుగా కూడా కాదు, అసలు కుదరలేదు. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మంది చూసి వచ్చేవాళ్ళు. చూసినవాళ్ళకి లెక్కలు, చూడనివాళ్ళకి మళ్ళీ పాఠం, ఒకే పీరియడ్‌లో రెండు క్లాసులు. చూసి వచ్చినవాళ్ళు రెండోసారి వింటూ విసుగుపడేవాళ్ళు.

ఒక తండ్రికి ఫోన్ చేశాను. "మీవాడు వీడియో చూడట్లేదన్నా, కొంచెం చూపించండి" అన్నాను. ఆయన ట్రాక్టర్ మీద ఉన్నాడు. "ఫోన్ నాతోనే ఉంటది మేడం. నేను ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదైతది. అప్పటికి వాడు పండుకుంటడు. లేపి చూపియ్యమంటే చూపిస్త" అన్నాడు. నేను వద్దన్నాను. మర్నాడు పిల్లలందరి దగ్గరా రాసుకున్నాను: ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా అని కాదు, సాయంత్రం ఆరింటికి ఆ ఫోన్ ఎక్కడ ఉంటుంది అని. ఈ రెండూ వేరు ప్రశ్నలు, దయచేసి గమనించండి. ఫోన్ ఉన్న ఇళ్ళు ముప్పై మూడు. ఆరింటికి పిల్లల చేతికి అందేవి పన్నెండు. ఆ పన్నెండులో అమ్మాయిలు ముగ్గురే. అన్నకో తమ్ముడికో ఇస్తారు, అమ్మాయికి ఇవ్వరు. అమ్మాయి అడిగితే "ఎందుకు" అంటారు. కాబట్టి ఇంట్లో చూసి రమ్మనడం అంటే నా క్లాసులో ఆడపిల్లలకు పాఠం చెప్పకపోవడమే. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

అందుకని వీడియోని ఇంటి నుంచి బడికి తెచ్చాను. మా హెడ్‌మాస్టర్ గారిని అడిగి వారంలో రెండు రోజులు వరుసగా రెండు పీరియడ్లు వేయించుకున్నాను. తొంభై నిమిషాలు. తరగతిని రెండు జట్లు చేశాను, పంతొమ్మిది, పంతొమ్మిది. ఒక జట్టు గోడకున్న డిజిటల్ ప్యానెల్ ముందు కూర్చుంటుంది. ఇంకో జట్టు వెనక్కి తిరిగి నాతో కూర్చుంటుంది. నలభై నిమిషాలకు మారతారు. అంతే. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు.

"మరి ప్యానెల్ ముందున్న వాళ్ళు అల్లరి చేయరా?" అని అడుగుతారు. చేస్తారు, చేతిలో పని లేకపోతే చేస్తారు. అందుకే ప్రతి వీడియోకీ ఒక కాగితం ఉంటుంది. వీడియో మూడు చోట్ల ఆగుతుంది. రిమోట్ ఒక పిల్లవాడి చేతిలో ఉంటుంది, రోజుకొకరు. ఆగినప్పుడు కాగితంలో ఆ స్టెప్ రాయాలి. అందరూ రాశాకే ముందుకు పోవాలి. రాయలేనివాడు "మళ్ళీ" అంటే వెనక్కి తిప్పాలి. మొదటి నెల ఎవరూ మళ్ళీ అనలేదు. సిగ్గు. తర్వాత ఒకడు అన్నాడు, ఇంకొకడు అన్నాడు. ఇప్పుడు ఆరు నిమిషాల వీడియోకి పాతిక నిమిషాలు పడుతుంది. నాకు అది సంతోషం. బోర్డు దగ్గర నన్ను "మళ్ళీ చెప్పండి టీచర్" అని మూడుసార్లు అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ప్యానెల్ ముఖం చిట్లించదు కదా.

వీడియోలు ఎక్కడివి? మన పాఠ్యపుస్తకాల్లో దీక్ష (ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక) క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, టీశాట్ వాళ్ళవి ఉన్నాయి, బాగున్నవి వాడుకోండి. కానీ మా పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు. పుస్తకంలో డిస్క్రిమినెంట్ అని ఉంటుంది. వాళ్ళ బుర్రలో ఆలోచన తెలుగులో నడుస్తుంది. కాబట్టి కొన్ని నేనే చేసుకుంటాను. బల్ల మీద రెండు స్టీలు గ్లాసులు బోర్లించి, వాటి మీద అడ్డంగా పెద్ద స్కేలు పెట్టి, దాని మీద ఫోన్. కెమెరా కింద తెల్ల కాగితం. ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే కాగితం ఎగురుతుంది, రికార్డింగ్‌లో గాలి హోరు కూడా వస్తుంది. నా ముఖం కనబడదు, చెయ్యి మాత్రమే. ఆరు నిమిషాలు దాటనివ్వను, ఒక వీడియోలో ఒకటే విషయం. డిస్క్రిమినెంట్ అంటాను, వెంటనే విచక్షణి అంటాను, వెంటనే "మూలాలు ఎలా ఉంటాయో ముందే చెప్పేది" అంటాను. మన చేతిరాత, మన గొంతు పిల్లలకు తెలుసు. బయటివాళ్ళ వీడియో ఎంత అందంగా ఉన్నా, టీచర్ చెయ్యి కనబడితే పిల్లలు కుదురుగా చూస్తారు. ఇది నా అనుభవం.

ఇక వెనక్కి తిరిగి నాతో కూర్చున్న పంతొమ్మిది మంది. అసలు పని అక్కడుంది. వాళ్ళ దగ్గరికి నేను ఖాళీ చేతులతో పోను. అంతకు ముందు రోజు కంప్యూటర్ గదిలో గూగుల్ ఫామ్‌లో ఐదు ప్రశ్నలు ఇస్తాను. ఐదే. ఆప్షన్లు మాత్రం ఊరికే రాయకూడదు. ఒక ఉదాహరణ చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. 2 ఇంటూ బ్రాకెట్‌లో ఎక్స్ మైనస్ 3, దాంట్లోంచి 3 ఇంటూ బ్రాకెట్‌లో ఎక్స్ మైనస్ 4 తీసేస్తే 5. ఎక్స్ ఎంత? 1. మిగిలిన మూడు ఆప్షన్లు ఏం పెట్టాను? మైనస్ 23, మైనస్ 4, మైనస్ 1. ఎందుకు ఇవే? మైనస్ 3ని మైనస్ 4తో గుణించి ప్లస్ 12 రాయాల్సిన చోట మైనస్ 12 రాసినవాడికి మైనస్ 23 వస్తుంది. బ్రాకెట్ బయటి అంకెతో మొదటి పదాన్నే గుణించి రెండోదాన్ని వదిలేసినవాడికి మైనస్ 4 వస్తుంది. అన్నీ సరిగ్గా చేసి చివర్లో మైనస్ ఎక్స్ ఈక్వల్స్ మైనస్ 1 దగ్గర గుర్తు మరిచినవాడికి మైనస్ 1 వస్తుంది. చేసి చూడండి, వస్తాయి. అంటే ఒక్కో తప్పు జవాబు ఒక్కో తప్పు దారి చివర ఉంది. ఆ రాత్రి ఫామ్ తెరిస్తే పద్నాలుగు మంది మైనస్ 23 మీద ఉన్నారు. మర్నాడు నేను మొత్తం అధ్యాయం మళ్ళీ చెప్పనక్కర్లేదు. గుర్తుల గుణకారం దగ్గరికి సూటిగా పోతాను.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ పద్నాలుగు మందితో కూర్చుని నోట్‌బుక్‌లో చేయించాను. నలుగురికి అసలు ఆ తప్పు లేదు. పక్కవాడిది చూసి నొక్కారు. ఇంకో అమ్మాయి ఫామ్‌లో సరైన జవాబే పెట్టింది. ఎలా చేశావమ్మా అంటే నాలుగు ఆప్షన్లూ ఒక్కొక్కటిగా సమీకరణంలో వేసి చూసిందట! తెలివైన పని, మెచ్చుకున్నాను. కానీ ఆమెకి సాధించడం రాదు, ఫామ్ ఆమెకి పూర్తి మార్కులు వేసింది. ఫామ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది. వెతకాల్సింది మాత్రం మనమే, నోట్‌బుక్‌లోనే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. జియోజీబ్రా. అంటే గ్రాఫులు, బొమ్మలు గీసి కదిలించి చూపించే లెక్కల సాఫ్ట్‌వేర్. దాన్ని మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో 2001లో తన చదువు ప్రాజెక్టుగా మొదలుపెట్టాడు. బడుల్లో ఉచితంగా వాడుకోవచ్చు. మన ప్యానెల్ మీదా పనిచేస్తుంది, ఫోన్‌లోనూ పనిచేస్తుంది.

బహుపదుల పాఠం. వర్గ బహుపది అంటే ఏ ఎక్స్ స్క్వేర్ ప్లస్ బి ఎక్స్ ప్లస్ సి, ఏ సున్నా కాకూడదు. ఈ "ఏ సున్నా కాకూడదు" అన్న ముక్కని మన పిల్లలు ఎలా చెబుతారు? పద్యంలా చెబుతారు. ఎందుకు కాకూడదు అంటే చెప్పరు. ప్యానెల్ మీద వై ఈక్వల్స్ ఏ ఎక్స్ స్క్వేర్ గీయించి, ఏకి స్లైడర్, అంటే వేలితో జరిపితే విలువ మారే మీట, పెట్టి, ఒక అమ్మాయిని పిలిచి జరపమన్నాను. 3 దగ్గర వంపు గీత సన్నగా నిటారుగా ఉంది. 1కి వచ్చింది, విచ్చుకుంది. అరకి వచ్చింది, ఇంకా విచ్చుకుంది. ఆ అమ్మాయి వేలు నెమ్మదిగా ఎడమకి పోతోంది, తరగతి అంతా నిశ్శబ్దం. సున్నాకి రాగానే వెనక నుంచి ఒకడు అరిచాడు: "టీచర్, గీత పండుకుంది!" అవును, ఎక్స్ అక్షం మీద పడుకుంది. ఇంకా ఎడమకి పోతే తలకిందులైంది. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తర్వాత బి ఎక్స్, సి కూడా పెట్టి మళ్ళీ ఏని సున్నా చేయిస్తే ఏటవాలు సరళరేఖ అయింది. "ఇప్పుడు చెప్పండి, ఏ సున్నా ఎందుకు కాకూడదు?" "గీత అయిపోతది టీచర్, వంపు ఉండదు." ఇదే జవాబు. చాక్‌పీస్‌తో నేను ఇన్నేళ్ళలో ఇది చూపించలేకపోయాను. బోర్డు మీద ఇలాంటి వంపు గీతలు, అంటే పరావలయాలు, ఐదు వేయగలను, ఒకటి ఇంకోదానిగా మారడం చూపించలేను.

ఇక్కడ ఆపేస్తే నేను మీకు సగమే చెప్పినట్టు. ఒక జట్టుని ప్యానెల్ దగ్గర వీడియోకి కూర్చోబెట్టి, ఇంకో జట్టుకి గ్రాఫ్ పేపర్లు పంచాను. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 ఎక్స్ ప్లస్ 3 గీయమన్నాను. ఎక్స్ విలువలు 0, 1, 2, 3, 4. వై విలువలు 3, 0, మైనస్ 1, 0, 3. అందరికీ వచ్చాయి. గీస్తున్నారు, నేను బెంచీల మధ్య తిరుగుతున్నాను. "గీత పండుకుంది" అని అరిచాడే, ఆ అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఐదు చుక్కలు చక్కగా పెట్టాడు. స్కేలు తీశాడు. చుక్కకీ చుక్కకీ మధ్య స్కేలుతో గీతలు కొట్టాడు.

చూడండి. పావుగంట క్రితం నున్నటి వంపుని కళ్ళారా చూసిన పిల్లవాడు. ఆ వంపు గురించి అందరికంటే ముందు మాట్లాడిన పిల్లవాడు. చేతికి పెన్సిల్ ఇస్తే స్కేలు తీశాడు. ఎందుకు? వాడి లెక్కలో 1కీ 2కీ మధ్య ఏమీ లేదు. ఐదు చుక్కలే ఉన్నాయి, మిగతాది కలపడమే. తప్పురా అని నేను గీయొచ్చు, గీయలేదు. పక్కన కూర్చుని "ఒకటిన్నర దగ్గర ఎంతొస్తదో చూడరా" అన్నాను. చేశాడు. ఒకటిన్నర స్క్వేర్ 2.25, మైనస్ 6, ప్లస్ 3. మైనస్ 0.75. "పెట్టు" అన్నాను. పెట్టాడు. వాడి స్కేలు గీత ఒకటిన్నర దగ్గర మైనస్ 0.5 మీదుగా పోతోంది. చుక్క దానికి కింద పడింది. కాసేపు చూశాడు. "టీచర్, చుక్క గీత మీదికి రాలే, కిందికి పోయింది" అన్నాడు. "ఇంకోటి చెయ్" అన్నాను. రెండున్నర చేశాడు, అదీ కిందికే పోయింది. అప్పుడు వాడంతట వాడే రబ్బరు తీసుకున్నాడు. స్కేలు పక్కన పెట్టి చేత్తో వంపు తిప్పాడు. వంకరగా వచ్చింది. ఎంత బాగుందో!

ఆ పది నిమిషాలు నాకు ఎక్కడివి? మిగతా సగం మంది ప్యానెల్ దగ్గర ఉన్నారు కాబట్టి దొరికాయి. ప్యానెల్ లేకపోతే ఆ అబ్బాయి పక్కన నేను కూర్చునేదాన్ని కాదు. గ్రాఫ్ పేపర్ లేకపోతే వాడికి ఏం అర్థం కాలేదో నాకు తెలిసేది కాదు.

అన్ని అధ్యాయాలకీ ఇది సరిపోతుందా అంటే, లేదు. రేఖాగణిత నిర్మాణాలు వృత్తలేఖినితో చేత్తోనే చేయాలి, వీడియో చూసి కొలత రాదు. సరూప త్రిభుజాల సిద్ధాంతాల నిరూపణలు బోర్డు మీద పిల్లలతో మాట్లాడుతూ కట్టుకుంటూ పోవాలి. సంభావ్యతకి మాత్రం రెండూ బాగా కలుస్తాయి. ఒక్కొక్కరూ రూపాయి బిళ్ళ ఇరవై సార్లు ఎగరేయాలి, లెక్కలు ఒకే షీట్‌లో పడాలి, ముప్పై ఎనిమిది మందివి కలిపితే 760. ఒక్కడిది చూస్తే ఏడు బొమ్మలే పడి ఉండొచ్చు. అందరిదీ కలుపుతూ పోతుంటే సగం దగ్గరికి ఎలా జరుగుతుందో వాళ్ళే చూస్తారు.

ఫలితాల సంగతి అడుగుతారు. అడగాలి కూడా. అమెరికా విద్యాశాఖ 2010లో చాలా అధ్యయనాలను కలిపి ఒక నివేదిక వేసింది. ఆన్‌లైన్, తరగతి కలిపిన చోట ఫలితాలు తరగతి ఒక్కటే ఉన్న చోటి కంటే మెరుగ్గా కనిపించాయి. కానీ అదే నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది: అలా చదివినవాళ్ళకి చాలాచోట్ల అదనపు సమయం, అదనపు సామగ్రి దొరికాయి, కాబట్టి లాభమంతా ఆన్‌లైన్ వల్లేనని అనకూడదని. పైగా అందులో బడి పిల్లల మీద చేసిన అధ్యయనాలు చాలా తక్కువ. దీన్ని నిజాయితీగా చెప్పుకోవాలి. మన 2020 జాతీయ విద్యావిధానం కూడా రెండూ కలపమంటూనే ముఖాముఖి చదువు ప్రాధాన్యాన్ని గుర్తించింది. నేను మా బడి మార్కుల శాతాలు చెప్పి మిమ్మల్ని ఒప్పించాలనుకోవడం లేదు. ఒకటి మాత్రం చెబుతాను. పత్తికి పోయి మూడు వారాల తర్వాత వచ్చిన పిల్లవాడికి ఇదివరకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనమయ్యాక ప్యానెల్ దగ్గర కూర్చుని తను పోగొట్టుకున్న నాలుగు వీడియోలూ కాగితాలతో సహా చేసుకుంటాడు, మర్నాడు నా జట్టులో కూర్చుంటాడు. బడి మానేద్దామన్న ఆలోచన అక్కడ ఆగుతుంది. కొందరి విషయంలో ఆగింది, నేను చూశాను.

సిలబస్ ఎలా అవుతుంది అంటారు. ముందు నాకూ అదే టెన్షన్. బోర్డు మీద నేను చేసే ఉదాహరణలు తగ్గించాను. పుస్తకంలో చేసి ఉన్న ఉదాహరణని మళ్ళీ బోర్డు మీద రాయడం పూర్తిగా మానేశాను. అది వీడియో పని. జనవరికి సిలబస్ అయిపోతోంది.

నా సమయం అయిపోవచ్చింది. ఆ గోడకున్న ప్యానెల్ ఆన్ చేయించాను, జియోజీబ్రా తెరిచి ఉంది. నాలుగేసి మంది చొప్పున ముందుకు రండి. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 ఎక్స్ ప్లస్ సి పెట్టి, సికి స్లైడర్ మీరే పెట్టండి. 3 దగ్గర అక్షాన్ని రెండుచోట్ల కోస్తుంది, 4 దగ్గర ఒక్కచోట తాకుతుంది, 5 దగ్గర వదిలేసి పైకి పోతుంది. విచక్షణి 4, 0, మైనస్ 4 అవుతుంది. మిగిలినవాళ్ళకి గ్రాఫ్ పేపర్లు తెచ్చాను, పెన్సిళ్ళు కూడా ఉన్నాయి. మీరు గీస్తుండండి, నేను బెంచీల మధ్య తిరుగుతాను.